నాలుక మీద చక్కెర

పోయిన సోమవారం త్రిపురారం పక్క తండా నుంచి ఒకావిడ మా ల్యాబుకు వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మిర్యాలగూడకు ఒక బస్సు, అక్కణ్నుంచి సూర్యాపేటకు ఇంకో బస్సు మారి, బస్టాండు ఎదురుగా ఉన్న మా మెట్లెక్కేసరికి ఆమెకు ఊపిరి అందడం లేదు. రక్తపరీక్షకే వచ్చిందనుకుని నేను దూది చేతిలోకి తీసుకున్నాను. వద్దన్నట్టు చెయ్యూపి, కొంగుముడి విప్పి, నాలుగు మడతల కాగితమొకటి తీసి బల్ల మీద పరిచింది.

“గీ సంతకం మీదేనా మేడం?”

మా ల్యాబు రిపోర్టే. జిరాక్సుకు జిరాక్సు తీస్తూ పోయారేమో, అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. పేరున్న చోట మడతపడి చెరిగిపోయింది. సంతకం మాత్రం నాదే. తోక కాస్త సాగదీసి పెట్టే అలవాటుంది నాకు.

“నాదేనమ్మా.”

“అయితే మీరే. పొడపత్రి ఆకు మంచిగ పనిచేస్తదని మీరే అన్నరంట గదా. గా మాట మీ నోటితోని ఇందామని వచ్చిన. డాక్టరేమో సుగర్ సూదులు బంద్ పెట్టొద్దంటడు. నేను బంద్ పెట్టి ఇరవై దినాలైతుంది. ఇంట్ల రోజూ గిదే లొల్లి. మీరు ఒక్క మాట చెప్పిన్రంటే నాకు పరేషాన్ ఉండది.”

నేను జవాబు చెప్పేలోపే సంచిలోంచి ఒక ఆకు తీసి నమిలింది. పొట్లంలోంచి చిటికెడు చక్కెర తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుని, కాసేపాగి, చిటిక వేసింది.

“ఖతం. ఇసుక లెక్కున్నది.”

ఆ కళ్లు మూసుకోవడం, ఆ ఆగడం, ఆ చిటిక ఆమెవి కావు. అవన్నీ ఈ ఆకును ఊరూరా పంచిన ఆయనవి. ఆయన పోయి రెండు నెలలు దాటింది. ఆ సంగతి ఆమెకు తెలియదని ముఖం చూస్తేనే అర్థమైంది. దూది పక్కన పెట్టి, కుర్చీ ఆమె వైపు జరిపాను.

“కూసో అమ్మా, చెప్త,” అన్నాను. ఏం చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో నాకే తెలియదు.

ఆయన రిటైరైన బస్సు కండక్టరు. సొంతూరు కోదాడ. మా ల్యాబుకు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారీ కూర్చోలేదు. బల్ల ఖాళీగా ఉన్నా సరే, తలుపు చట్రాన్ని ఒక చేత్తో పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు. ముప్పై ఏళ్లు హైదరాబాదు, విజయవాడ మధ్య పరుగెత్తే బస్సులో నిలబడ్డ మనిషి. కదలని నేల మీద కూడా పట్టు కోసం వెతుక్కునేవాడు. వరండాలో జనం గుమిగూడితే, “జరగాలె, జరగాలె, ఎనక జాగున్నది,” అని సర్దేవాడు. నేను ఎవరికైనా సూది గుచ్చబోతే “హోల్డాన్” అనేవాడు. దూది అద్దగానే “రైట్ రైట్” అనేవాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత తర్వాత ఆయన రాని సోమవారం పని సాగేది కాదు.

నోట్లో రెండు యాసలుండేవి. హమాలీ మనిషి కనబడితే “గిట్ల రారాదే” అనేవాడు. కళ్లద్దాల పంతులుగారు కనబడితే అదే నోటితో “ఇట్లా రండి సార్, కూర్చోండి” అనేవాడు. బస్సు కోదాడ దాటితే యాస కూడా దాటాలి, లేకపోతే చిల్లర దగ్గర తగాదా అవుతుందని చెప్పేవాడు. నాతో రెండూ కలగలిపి మాట్లాడేవాడు. నేను కాకా అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవాడు.

సోమవారం సూర్యాపేట, బుధవారం కూతురున్న మిర్యాలగూడ, మిగతా రోజులు కోదాడ. అది ఆయన రూటు. చిలుకూరు వైపు పొలాల కంచెలకు పొడపత్రి తీగ అల్లుకుని ఉంటుంది. పొద్దున్నే వెళ్లి ఆకు కోసుకొచ్చేవాడు. కొంత నీడన ఆరబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరగబెట్టి, పాత నూలుచీర ముక్కలో వడగట్టేవాడు. ఆ కషాయం స్టీలు ఫ్లాస్కులో పోసుకుని, పచ్చి ఆకులు తడిగుడ్డలో చుట్టుకుని, చక్కెర పొట్లం జేబులో వేసుకుని బయల్దేరేవాడు. సుగరున్న వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి మరీ తాగించేవాడు. ఎవరి దగ్గరా పైసా ముట్టేవాడు కాదు. వాళ్లను ప్యాసింజర్లు అనేవాడు. మా ల్యాబుకు వాళ్లనే వెంటబెట్టుకుని వచ్చేవాడు.

“సుగరంటే టికెట్ లేని ప్యాసింజరు బిడ్డా. ఎప్పుడెక్కిండో మనకు తెల్వది. దిగుమంటే దిగడు. గల్లా పట్టి దించాలె.”

గల్లా పట్టి దించే పద్ధతి నాకూ చూపించాడు. ఆకు చేతిలో పెట్టి నమలమన్నాడు. డిప్లొమా చదివినదాన్ని, ఇలాంటివాటికి పడతానా అనుకుంటూనే నమిలాను. చేదు. మింగాక నాలుక చాపమని చిటికెడు చక్కెర వేశాడు. అంతే, నోట్లో ఇసుక పోసినట్టయింది. తీపన్నదే లేదు. నాకు నవ్వొచ్చింది, లోపల భయమూ వేసింది. ఆయన కళ్లు మూసుకుని, ఆ చక్కెర తన నోట్లోనే ఉన్నట్టు కాసేపాగి, చిటిక వేశాడు.

“ఖతం! నాలుక మీద సచ్చిన చక్కెర నెత్తుట్ల బతుకుతదా?”

“కాకా, అది నాలుకనే ఏమారుస్తది,” అన్నాను. “గంటసేపైతే తీపి మళ్ల వస్తది. నెత్తుట్ల సంగతి వేరే.”

“ముప్పై ఏండ్లు టికెట్లు కొట్టిన. ఎవడు అబద్ధమాడుతుండో మొఖం సూసి చెప్త. నాలుక అబద్ధమాడది బిడ్డా.”

గంటకు పైగా ఆగి మళ్లీ చక్కెర వేసుకుని చూడమంటే చూసేవాడు కాదు. తీపి తిరిగి రాకముందే ఇంకో ఆకు నమిలేవాడు. పొద్దున లేస్తూనే ఒకటి, తిండికి ముందొకటి, పడుకునే ముందొకటి. అలా కొన్నేళ్లుగా ఆయనకు తీపన్నదే తెలియదు. దాన్ని ఒక గెలుపులా చెప్పుకునేవాడు.

ఆ ఆకు మీద అంత మంకుపట్టు ఎందుకో ఒక సోమవారం ఆయనే చెప్పాడు. ఆయనకే కాదు, ఆయన భార్యకూ సుగరే. కాలికి పుండు పడింది.

“ముందుగాల ఏలు తీసిన్రు. తర్వాత పాదం. తర్వాత మోకాలు దాకా. స్టేజీ స్టేజీకి ఆపుకుంట తీస్కపోయిన్రు బిడ్డా ఆమెను. ఆఖరి స్టేజీల మనిషినే దించిన్రు.”

ఆమెకు తీపంటే ప్రాణమట. బియ్యం డబ్బాలో బెల్లం ముక్కలు దాచుకునేదట. ఆయన వెతికి వెతికి పారేసేవాడట. చివరి రోజుల్లో చాయ్‌లో ఒక్క చెంచా చక్కెర వేయమని బతిమాలితే వేయలేదట. ఇది చెబుతున్నప్పుడు తలుపు చట్రాన్ని పట్టుకున్న వేళ్లు తెల్లగా అయ్యాయి. “నా కాలు మాత్రం ఎవ్వనికీ ముట్టనియ్య,” అన్నాడు. కషాయం వడగట్టే చీరముక్క ఆమెదేనని నాకప్పుడు తెలిసింది.

ఆకులో గుణం లేదని నేననను. అది తేల్చేదాన్ని నేను కాదు. ఆయన మొదట్లో డాక్టరిచ్చిన మాత్రలూ వేసుకునేవాడు, కషాయమూ తాగేవాడు. రాత్రి అన్నం మానేశాడు, పొద్దున్నే ఆకు కోసం చిలుకూరు కంచెల వెంట మైళ్లు నడిచేవాడు. మా ల్యాబులో చూపించుకున్న ఒక సోమవారం ఆయన సుగరు బాగా దిగింది. మంచి రిపోర్టు. కాగితం ఆయన చేతికిచ్చాను. నిలువునా మడిచి వేళ్ల సందున పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ చదివాడు. పరీక్ష పాసైన పిల్లవాడి ముఖం పెట్టుకుని నా వైపు చూశాడు. ఏదో ఒకటి అనాలి కదా. చిన్నపిల్లలు గీసిన బొమ్మను మెచ్చుకున్నట్టు అనేశాను.

“మీ ఆకు మంచిగనే పనిచేస్తుంది కాకా.”

“ఇంకోసారి అను బిడ్డా.”

నవ్వుతూ ఇంకోసారి అన్నాను. మాత్రలు మాత్రం మానకు అన్న మాట నాలుక చివరే ఉంది. వరుసలో తర్వాతి మనిషి చొక్కా చెయ్యి మడిచి నిలబడితే అటు తిరిగాను. అంతే జరిగింది. అంతకంటే ఏమీ జరగలేదు.

ఆయన ఆ రిపోర్టును కోదాడలో లామినేషన్ చేయించాడు. ఎక్కడికి పోయినా అదే చూపించేవాడు, అడిగినవాళ్లకు జిరాక్సు తీసి ఇచ్చేవాడు. “సూర్యాపేట ల్యాబ్ మేడం నోటితోని అన్నది, ఒక్కసారి గాదు, రెండుసార్లు,” అనేవాడట. ఈ సంగతి నాకు తెలిసినప్పుడు గొప్పగానే అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగా గొప్పగానే అనిపించింది. బస్టాండులో ముక్కూముఖం తెలియనివాళ్లు నమస్తే మేడం అంటుంటే ఎవరికి బాగుండదు?

తర్వాత ఆయన ల్యాబుకు రావడం తగ్గించాడు. కషాయంతో ఊళ్లు తిరగడం మాత్రం ఆపలేదు. మళ్లీ వచ్చింది ఈ ఎండాకాలం, మంచి మిట్టమధ్యాహ్నం. వెంట ప్యాసింజర్లెవరూ లేరు. ఎప్పట్లాగే తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. కిందికి చూస్తే ఒక కాలికే చెప్పుంది.

“కాకా, ఇంకో చెప్పేది?”

ఆయనా కిందికి చూసుకున్నాడు. నిజంగా ఆశ్చర్యపోయాడు. నేను వెళ్లి చూస్తే రెండో చెప్పు కింది మెట్టు మీద ఉంది. ఎండకు కాలిన ఆ మెట్ల మీద ఉత్తికాలితో నడిచొచ్చాడు, ఆయనకు తెలియనే తెలియలేదు. పాదం ఎత్తి చూపించమన్నాను. అరికాలిలో నల్లటి పుండు. ఎప్పటిదో. వాసన వస్తోంది.

ఆయన వద్దు వద్దంటున్నా వేలు పట్టుకుని గుచ్చాను. ఆ వేలికి నొప్పి తెలిసినట్టు లేదు. హోల్డాన్ అనలేదు. యంత్రం చూపించిన అంకెను ఆయన వైపు తిప్పి చూపించాను. ఆయన ఆకు నమిలి, నాలుక మీద చక్కెర వేసుకుని, కళ్లు మూసుకున్నాడు.

“సప్పగున్నది బిడ్డా. నీ మిషిన్ ఖరాబైనట్టుంది.”

“మాత్రలు ఏసుకుంటున్నవా లేదా కాకా?”

“అవెప్పుడో బంద్ పెట్టిన. నువ్వే గదా అన్నవ్, ఆకు మంచిగ పనిచేస్తుందని. రెండుసార్లు అన్నవ్. ఇగ మాత్రలెందుకు?”

వెనక బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు. అందరూ నా వైపే చూశారు. భయమో, పరువో, ఏ దయ్యమో నా నోట్లో దూరింది.

“నేనెప్పుడన్న కాకా? మాత్రలు బంద్ పెట్టుమని నేననలే. అసలు గా మాటే నేననలే!”

ఆయన నన్ను చూశాడు. కోపంగా కాదు. టికెట్ తీసుకున్నానని బుకాయించే మనిషిని బస్సు దించేముందు కండక్టరు చూస్తాడే, అలా చూశాడు. సంచిలోంచి సగం బయటికి తీసిన లామినేషన్ కాగితాన్ని మళ్లీ లోపలికి నెట్టాడు. దవాఖానకు పొమ్మని వెంటపడ్డాను, ఆటో పిలుస్తానన్నాను, చేతులు పట్టుకున్నాను.

“ఏలుతోని మొదలుపెడ్తరు బిడ్డా. నాకు తెల్వదా. రేపటి సంది ఆకు రెండింతలు తింట,” అన్నాడు. చెప్పు వేసుకుని, అది కాలికుందో లేదో వంగి చూసుకుంటూ మెట్లు దిగాడు.

రెండు వారాలకు మిర్యాలగూడ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. సూర్యాపేటలోనే ఒక దవాఖానలో ఉన్నారు. కాలు మోకాలి కింద వరకు తీసేశారు. “నాయిన నిన్ను యాది చేస్తుండు అక్కా, ఒక్కసారి రా,” అంది.

నేను వెళ్లేసరికి ఆయన మంచం పట్టెను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని పడుకున్నాడు. దవాఖానలో ఆకు నమలనివ్వడం లేదు, అన్నం ఆయనే ముట్టడం లేదట. తింటే సుగరు పెరుగుతుంది, రెండో కాలూ తీస్తారని భయం. కడుపులో ఏమీ లేదు, పైన ఇన్సులిన్ పడుతోంది. నేను పక్కన కూర్చున్న కాసేపటికే ఒళ్లంతా చెమటలు పట్టింది, మాట ముద్దయింది. నర్సు పరుగెత్తుకొచ్చి వేలు గుచ్చి చూసింది. సుగరు అడుగంటింది.

“నోట్ల చక్కెర ఎయ్యుండ్రి మేడం, జల్ది! నేను గ్లూకోజ్ తెస్త,” అంటూ వెళ్లింది.

కూతురు చాయ్ కోసం తెచ్చుకున్న చక్కెర చేతికిచ్చింది. చెంచాతో నోటి దాకా తీసుకెళ్లాను. ఆయన పళ్లు బిగించాడు. తల అటూ ఇటూ తిప్పాడు.

“వద్దు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత. ఉన్న ఒక్క కాలు సుత పోతది.”

“కాకా, ఇప్పుడిది తినకపోతే పాణమే పోతది. నా మాటిను.”

నా మాటిను అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. నా మాట విన్నందుకే కదా ఆయన అక్కడ పడుకున్నాడు. కూతురు ఏడుస్తోంది. ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత, తన ప్యాసింజర్లకు నేర్పించినట్టే, నాలుక చాపాడు.

చక్కెర వేశాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆగాడు. అలవాటుగా చెయ్యి పైకి లేచింది, వేళ్లు చిటికకు కూడాయి. చిటిక పడలేదు.

“తియ్యగున్నది బిడ్డా,” అన్నాడు. చావు కబురు చెప్పినట్టు చెప్పాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. “ఇంత తియ్యగుంటదా! మర్సేపోయిన. మీ చిన్నమ్మ ఎంత బతిమాలె బిడ్డా. ఒక్క చెంచా ఎయ్యకపోతినే.”

ఇంకో చెంచా పెట్టాను. తిన్నాడు. చప్పరిస్తూ, ఏడుస్తూ తిన్నాడు. చెమట తగ్గింది. కాకా, ఆ మాట నేనే అన్న, లేదని అబద్ధమాడిన అని చెప్పడానికి అంతకు మించిన సమయం లేదు. కూతురి ముందు నోరు రాలేదు. రేపు వచ్చి ఒంటరిగా చెబుదామనుకున్నాను. మర్నాడు ల్యాబులో రద్దీ. ఆ మర్నాడు ఇంకేదో. నాలుగో రోజున పుండు విషం ఒళ్లంతా పాకి ఆయన పోయాడు.

ఇదంతా తండా ఆవిడకు చెప్పాను. ఆయన పోయాడన్నప్పుడు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాలు పోయిన సంగతి చెప్పాను, చక్కెర సంగతి చెప్పాను. నా మాట సంగతి మాత్రం దాటేశాను. రిపోర్టు మంచిగ వచ్చిందని, ఆయన మాత్రలు మానేశాడని మాత్రమే చెప్పి అక్కడ జారుకున్నాను. ఆమె దాన్ని పట్టుకుంది.

“గదంత సరే మేడం. గా మాట మీరు అన్నరా, అనలేదా?”

కాగితం మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది. అందులో అంకెలున్నాయి, నా సంతకముంది. మాట లేదు. సాక్షి లేడు. లేదమ్మా అంటే ఎవరూ కాదనరు. వరండాలో బల్ల మీద ఆ రోజు కూడా జనం ఉన్నారు, చెవులన్నీ ఇటే ఉన్నాయి.

“అన్ననమ్మా,” అన్నాను. “నేనే అన్న. రెండుసార్లు అన్న. ఆయన మాత్రలు సుత ఏసుకుంటున్నడని తెలిసి, గవి మానకు అని చెప్పకుంట అన్న. ఆయన అడిగిననాడు అనలేదని అబద్ధమాడిన. తప్పు నాది. ఆయన పాణం పోయింది. నీ సూదులు నువ్వు బంద్ పెట్టకు తల్లీ.”

ఆమె ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. మడత మీద మడత పెట్టింది గానీ కొంగులో కట్టుకోలేదు, బల్ల మీదే వదిలేసింది. తర్వాత చక్కెర పొట్లం విప్పి, చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. ఆమె ఆకు నమిలి అప్పటికి గంట దాటింది. కళ్లు మూసుకుంది. ఆగింది.

చిటిక వేయలేదు. కొంగుతో మూతి తుడుచుకుని, గాజులు పైకి జరుపుకుని, ఎడమచెయ్యి బల్ల మీద పెట్టింది.

“సూడుండ్రి మేడం, ఎంతున్నదో.”